మామ పెట్టిన నలభై సెకండ్లు

మా మామ పోయిండని ఫోన్ వచ్చినప్పుడు గిర్ని నడుస్తున్నది. పొద్దుగాల పదకొండు అయితుండొచ్చు. మూతికి దస్తి, తలకు తువ్వాల కట్టుకొని నేను మిషన్ల మిరపకాయలు పోస్తున్న. లైన్ల ఏడుగురు ఆడోళ్లు నిలబడ్డరు. కారం పట్టే కాడ అందరు మూతులు కట్టుకొనే ఉంటరు కద, కండ్లు తప్ప ఏం కనవడయి. వరంగల్ దవాఖాన నుంచి మా ఆయన ఒక్క ముక్క అన్నడు, "బాపు పోయిండే" అని. పెట్టేసిండు. నేను ఏడ్వలే. పోయి బంద్ గుండీ ఒత్తిన. మా మోటరు ఒత్తంగనే ఆగదు. నలభై సెకండ్లు తీసుకొని మెల్లగ దిగుతది. ఆ నలభై సెకండ్లు మామ పోయిన సంగతి ఆ కొట్టంల నాకొక్కదానికే ఎరుక. అది పూరాగ ఆగినంక దస్తి విప్పి, "ఇయ్యాల ఇగ పట్టుడు లేదు, పోండ్రి, మా మామ పోయిండు" అన్న. ఒక్కలు గూడ సంచి ముట్టలే. ఏడు జతల కండ్లు నా ఎన్కకు, మోటరు దిక్కు చూస్తున్నయి.

ఆయన పేరు ఈడ రాస్తలేను. కోడలు మామ పేరు రాసుడు మా దిక్కు లేదు, ఉన్నా పేరు చెప్తే కురవి తొవ్వల ఎవ్వరికి తెల్వదు. గిర్ని బాపు అంటే తండాలల్ల పసిపోరడు గూడ ఇల్లు చూపెడ్తడు. మనిషి పొట్టి. మాట ఇంకా పొట్టి. ఏదడిగినా "ఊఁ" అంటడు. అవునన్నా గదే ఊఁ, కాదన్నా గదే ఊఁ. నేను ఈ ఇంటికి వచ్చి పదేండ్లయినంక గాని ఏ ఊఁ ఏందో సమజ్ కాలే. అప్పటిదాంక ఎన్నిసార్లు ఉప్పు లేని కూర తినబెట్టిన్నో ఆ పాపం నాదే.

ఆయనకు ఒక అలవాటుండె. పొద్దుగాల మోటరు నడవంగనే పొడుగు స్క్రూడ్రైవర్ మొన దాని పక్కకు ఆనిచ్చి, పిడి చెవుల పెట్టుకొని కండ్లు మూసుకునేటోడు. డాక్టర్లు ఛాతి మీద గొట్టం పెట్టి ఇంటరు చూడు, అట్ల. "బేరింగు ఎండుతుంది, ఇంకో వారం నడుస్తది" అనేటోడు. వారానికే పోయేది. నాకు ఒళ్లు మండేది. "మామా, మోటరు చెప్తే ఇంటవ్ గని నేను చెప్తే ఇనవేంది" అని ఒకపారి అడిగిన. "అది ఒక్కపారి ఒక్క ముచ్చటే చెప్తది బిడ్డా" అన్నడు.

ఎనకట మా మోటరుకు ఒక్కటే నడక. గుండీ ఒత్తితే ఎగిరి దుంకేది. వేగం మార్చాలంటే బెల్టు ఊడదీసి పుల్లి మార్చాలె, పసుపుకు ఒకటి, ధనియాలకు ఒకటి, కారానికి ఒకటి. చిన్న బండిగీర లెక్క ఉండే ఇనుప పుల్లీలు గోడకు మేకులు కొట్టి ఏలాడేసి ఉండేటియి. పొలాల మోటర్లకు ఆటో స్టార్టర్లు పెట్టుడు మీకెరుకే. కరెంటు ఏ టైముకొస్తదో తెల్వని రోజులల్ల, రైతు లేచి పోకున్నా బోరు దానంతట అదే ఎక్కుతదని అందరు పెట్టుకున్నరు. మా మామ పొలం కాడిది తీస్కొచ్చి గిర్నికి పెట్టిండు. కరెంటు పోయొచ్చినప్పుడల్ల లేచి గుండీ ఒత్తే పని తప్పుతదని. తెలివి అనుకున్నడు. మేం గూడ అట్లనే అనుకున్నం.

ఒకనాడు పగటీలి కరెంటు పోయింది. మిషన్ల సగం నలిగిన మిరపకాయలు అట్లనే ఉన్నయి. మంది బయట నీడకు కూసున్నరు. ఎట్లన్న ఆగింది కద, బెల్టు కింద పడ్డ కారం ఊడుద్దామని నేను వంగిన. అప్పుడు నా జడ నడుము దాటి ఉండేది. కరెంటు వచ్చింది. మోటరు చెప్పలే, చెయ్యలే, ఎగిరి దుంకింది. జడ బెల్టుల పడ్డది. మిషన్ల ఇరికిన కాయలకు మోటరు జర తండ్లాడింది గావట్టి ఇయ్యాల ఇది రాస్తున్న, లేకుంటే తలకాయే పోయేది. నాకు యాదికున్నయి రెండే. ఇనుము తిరిగే గాలి చెంపకు తగులుడు ఒకటి. మా మామ మెయిన్ గుంజి, సంచులు కోసే కత్తెరతోని నా జడను మెడ కాడ కోసుడు ఒకటి. ఇప్పటికి చెవి ఎన్క రూపాయి బిళ్లంత జాగల వెంట్రుక మొలవది.

ఆ పొద్దుమూకే ఆటో స్టార్టర్‌ను సుత్తెతోని తుక్కు తుక్కు కొట్టిండు. నాతోని మాత్రం ఒక్క మాట అనలే. తప్పైంది బిడ్డా అంటడేమో అని నేను ఎదురుచూసిన, అబద్ధమెందుకు. ఏండ్లు ఎదురుచూసిన. అనలే. కోపం గూడ ఉండె నాకు.

ఆ యేడే జనగామ నుంచి ఒక మెకానిక్ పిలగాడు, తమ్మీ అని పిలుస్తం, మోటరు వేగం మార్చే డ్రైవ్ తీస్కొచ్చిండు. మూతపడ్డ గ్రానైట్ పాలిష్ షెడ్డుల వాడిన పాతది. గోడకు బిగించే బూడిద రంగు డబ్బా, ముంగట ఎర్రటి అంకెలు, తిప్పేటందుకు ఒక బిర్రె. మా మామకు ఇంగ్లీషు రాదు. ఆ తమ్మున్ని రెండొద్దులు కూసోబెట్టుకొని, అన్నం పెట్టి, పొద్దందాక అడిగి అడిగి నేర్సుకున్నడు. ఇరవై ఏండ్లల్ల ఆయన నాతోని అన్నిటికంటె ఎక్వ మాట్లాడింది ఆ డబ్బా గురించే.

"కరెంటు ఒక్క తీరుగ పారదు బిడ్డా. సెకండుకు యాభై సార్లు ముంగటికి ఎన్కకు ఊగుతది. మోటరు ఆ ఊగుడెంబడి తిరుగుతది. ఎద్దు ముంగట గడ్డి పట్టుకొని ఒక మనిషి నడుస్తున్నడనుకో. ఆయన ఎంతల నడుస్తే ఎద్దు అంతల నడుస్తది. కరెంటోళ్లు పంపే మనిషికి ఒక్కటే నడక. ఈ డబ్బా ఏం జేస్తదంటే, వచ్చిన కరెంటును ముందుగాల సాపు చేసి లోపట నింపుకుంటది. ఆనంక ముక్కలు ముక్కలు కోసి, మనం అడిగిన ఊగుడు అదే తయారుచేసి మోటరుకిస్తది. ఇరవై అంటే ఇరవై, నలభై అంటే నలభై."

"మరి మెల్లగ నడిపిస్తే మోటరు కాలదా?" అన్న.

"ఊగుడు తగ్గిస్తే ఓల్టేజీ గూడ దాని లెక్కల తగ్గాలె. డబ్బానే తగ్గిస్తది. మెల్లగ నడిచేటోనికి ఉరికేటోని తిండి పెడితే అరగక సస్తడు. మోటరు గూడ గంతే."

పుల్లీలు మార్చుడు పోయింది, అవి గోడకే ఏలాడుకుంట ఉండిపోయినయి. బిర్రె పక్కన పెయింటుతోని మూడు గీతలు గీసిండు, ఏ సరుకుకు ఏ గీత అని. నేను ఆ గీతలు దాటి ఎన్నడు తిప్పలే, తిప్పే పని పడలే. నా పని పోసుడు, జల్లెడ పట్టుడు, మందిని సముదాయించుడు.

ఆ డబ్బా కాడ ఆయన మాట ఒకటున్నది, అది మాత్రం మా ఇంటిల్లిపాదికి నోటికి వచ్చు. మొదట్ల జనగామ తమ్ముడే మెయిన్ బంద్ చేసి ఎంబడే మూత తీసి ఏలు పెట్టి, దబ్బుమని అవతల పడ్డడు. ఆనాటి నుంచి మామ అనేటోడు, "కరెంటు పోయినంక గూడ లోపట జర సేపు ఉంటది. ఎర్ర దీపం ఆరేదాంక మూత ముట్టొద్దు." పొద్దుమూకి గిర్ని బంద్ పెట్టినప్పుడల్ల చేతులు ఎన్కకు కట్టుకొని ఆ దీపం ముంగట నిలబడేటోడు. అది సన్నగయి, ఇంకా సన్నగయి, ఆరినంకనే తలుపు ఏసేటోడు. మేం అన్నం పెట్టుకొని పిలుస్తుంటే "ఊఁ" అనేటోడు.

ఆయనను వరంగల్ నుంచి తెచ్చి అరుగు మీద పండవెట్టినప్పుడు నేను ఛాతి మీద చెయ్యేసి చూసిన. ఇంకా వెచ్చగనే ఉన్నది. స్నానం పోయాలె, పొద్దు పోతుంది అని అందరు తొందర. "జర ఆగుండ్రి" అన్న నేను. ఎందుకే అన్నరు. ఎందుకో ఎట్ల చెప్పాలె. ఆగిన్రు, జర సేపు.

మూడో నాడు పిట్టకు పెట్టినం. ఆయనకు ఇష్టమైనయన్నీ వండి విస్తట్ల పెట్టి దూరం జరిగినం. కాకి వచ్చింది, చెట్టు మీద కూసున్నది, దిగదు. మావోళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్క మాట ఇచ్చిన్రు. దిగలే. నేను మనసుల అనుకున్న, గిర్ని నేను నడిపిస్త మామా, బంద్ పెట్టనియ్య అని. దిగింది. దానికి ఆకలైందేమో, అదీ ఉండొచ్చు. కాని మాట ఇచ్చిన ఇచ్చినట్టే.

దినాలు అయినంక గిర్ని తెరిచిన. దీపం పెట్టి, గుండీ ఒత్తిన. మోటరు ఎక్కంగనే సప్పుడు వచ్చింది. "ఊఁ..."

మోటరు తిరుగుడు కనవడీ కనవడనట్టు, ఎవరో చేత్తోని తిప్పుతున్నట్టు తిరుగుతది. దానికి మించి ఆ సప్పుడు. నలభై సెకండ్లు. లైన్ల నిలబడ్డ ఆడోళ్లు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. ఆ సప్పుడు ఇన్నేండ్ల సంది ఉన్నదే. అయితే పక్కన స్టూలు మీద మనిషి కూసున్నన్ని రోజులు అది మోటరు సప్పుడు. ఇప్పుడు స్టూలు ఖాళీ. సప్పుడు మాత్రం అదే గొంతు.

అంతటితోని అయిపోలే. ఈ యేడు కాయ పలుచగున్నది. పాత గీత కాడ పడితే కారం వేడెక్కి రంగు మాడుతుంది. జర తగ్గిద్దామని మొదటిసారి గీత దాటి బిర్రె తిప్పిన. అంకెలు ముప్పైఆరు, ముప్పైఅయిదు, ముప్పైనాలుగు అని దిగినయి. ముప్పైనాలుగు కాడ ఆగినయి. తిప్పుతనే ఉన్న, ఆడనే ఉన్నది. ఇంకా తిప్పంగ ఉన్నట్టుండి ఇరవై తొమ్మిదికి దుంకింది. మళ్ల పైకి తిప్పితే ఇరవై తొమ్మిది కాడ పట్టుకొని కూసున్నది. నడుమ అంకెలు ఎంత చేసినా పలుకది. బిర్రె మీద నా చెయ్యి, దాని మీద ఇంకెవరిదో చెయ్యి ఉన్నట్టే అనిపించింది. చెయ్యి తీసేసిన.

లైన్ల ఒకామె, "ముసలాయన పోలే, అండ్లనే ఉన్నడు" అన్నది. తండా నుంచి వచ్చే ఒక ముసలవ్వ మాత్రం మూతికి కట్టుకున్న కొంగు కిందికి గుంజి, నెమ్మదిగ అన్నది, "బాపు ఏదో చెప్తుండు. మీకే ఇనవడ్తలేదు." ఆమె మంచికే అన్నది. కాని ఆ మాట ఊర్ల కాళ్లొచ్చి తిరిగింది. వారం పోయేసరికి లైను సగమైంది, ఆ పై వారానికి ముగ్గురు. మిరపకాయ వచ్చే మూడు నెలలే మాకు యేడాది తిండి. సంచులన్నీ మానుకోట గిర్నీలకు పోవట్టె.

మా ఆయన భూపాలపల్లిల బొగ్గు బాయి పని చేస్తడు, ఆదివారం వస్తడు. వచ్చి, "మిషన్ అమ్మేద్దాం, నువ్వు నాతోని క్వార్టర్‌కు రా" అన్నడు. "మీ బాపుకు మాటిచ్చిన" అన్న. "కాకికి ఇచ్చినవ్" అన్నడు. మూడొద్దులు మాట్లాడలే ఆయనతోని. కాని నిజం చెప్పాలె కద, నాకు గూడ భయం పట్టుకున్నది. ఆ ఊఁ ఏ ఊఁనో నాకు సమజ్ అయితలేదు. ఉండుమంటుండా, పొమ్మంటుండా.

జనగామ తమ్మునికి ఫోన్ చేసిన. వచ్చిండు, చూసిండు. "అక్కా, బాపు లోపట ఏవేవో సెట్టింగులు పెట్టుకున్నడు. అన్నీ తుడిచేసి కంపెనీ నుంచి వచ్చినప్పటి లెక్క చేస్త. సప్పుడు పోతది, అంకెలు గూడ మాట ఇంటయి" అన్నడు. నేను మామ స్టూలు మీద కూసున్న. తుడిచెయ్యి తమ్మీ, అన్న.

రెండు గుండీలు ఒత్తిండు, అంతే పని. ఒక మనిషి ఇన్నేండ్ల ఎరుక రెండు గుండీలల్ల పోయింది.

మోటరు ఎక్కిచ్చిండు. సప్పుడు లేదు. చప్పున అందుకున్నది, ఎనకటి లెక్కనే. నా చెయ్యి దానంతట అదే మెడ ఎన్కకు పోయింది. "ఇగో రా అక్కా, చూడు, ఇప్పుడు ముప్పైఒకటి మీద నిలబడ్తది" అని పిలిచిండు. లేచి పోయిన. నిలబడ్డది. ముప్పైఒకటి మీద ఎర్రగ నిలబడ్డది.

ముందుగాల కిటికి రెక్క గడగడలాడింది. ఆనంక కాళ్ల కింద గచ్చు, ఆనంక గోడ. పైన రేకుల మీద ఇన్నేండ్లు పేరుకున్న కారం ధూళి ఎర్రగ రాలుతుంది. ఎవరో గోడను పట్టుకొని ఊపుతున్నట్టు. తమ్ముడు బిర్రె దిక్కు ఉరికేలోపల మేకు ఊడి పెద్ద పుల్లి కింద పడ్డది. మామ స్టూలు మీద పడ్డది. స్టూలు రెండు ముక్కలైంది. నేను లేచి అర నిమిషం గాలే.

మోటరు ఆగింది. తమ్మునికే ముందుగాల సమజయింది. "ఆ వేగం కాడ మోటరు ఊగుడు, ఈ గోడ ఊగుడు ఒక్కటైతున్నయి అక్కా. బాపుకు ఎరుక. గందుకే ఆ నడుమ అంకెల మీద నిలబడనియ్యలే, దాటిపించిండు. డ్రైవ్ల గట్ల పెట్టొచ్చు, కాని మా దిక్కు ఎవ్వరు పెట్టరు. ఎంతకు ఎంత పెట్టిండో నాకు గూడ తెల్వదు."

"మళ్ల పెట్టొస్తదా?"

"అంకెలు తెలిస్తే. నువ్వు చూసినయి గోడ సంగతి. మిగిలినయి ఏడికెంచి తేవాలె?"

ఎక్కడన్న రాసి పెట్టిండేమో అన్న. రాసేటోడు కాదు మా మామ, సంతకం పెట్టాలంటేనే పూటంత పట్టేది. అయినా మూత లోపట చూద్దామని తమ్ముడు మెయిన్ బంద్ చేసిండు, స్క్రూడ్రైవర్ తీసిండు. "ఆగు" అన్న. దీపం ఇంకా ఎర్రగున్నది. ఇద్దరం చేతులు కట్టుకొని నిలబడ్డం. అది సన్నగ అయ్యేదాంక, ఆరేదాంక.

మూత లోపటి దిక్కు సుద్దతోని రాసి ఉన్నది. వంకర అచ్చరాలు, రెండు లైన్లే.

గోడ, 29, 34.

దాని మీద, మొదటి లైను: జడ, 40, 2.

"నలభై అంటే మోటరు ఎక్కే, దిగే టైము" అన్నడు తమ్ముడు. "రెండేందంటే... సప్పుడుది అక్కా. డబ్బా కరెంటును ఎంత సన్నగ కోస్తదో ఆ అంకె. ఎక్వ పెడితే సప్పుడు ఇనవడది, అందరు ఎక్వనే పెడ్తరు. తక్వ పెడితే మోటరు గిట్ల ఊఁ అంటది. కావాలని ఎవ్వరు పెట్టరు. జడ అని ఎందుకు రాసిండో మరి."

నేను గచ్చు మీద కూలవడి ఏడ్చిన. ఆయన పోయిన నాడు రాని ఏడుపు. నలభై సెకండ్లు మెల్లగ తిరిగేది నేను జరిగేటందుకు. ఆ సప్పుడు నాకు ఇనవడేటందుకు. కరెంటు ఎక్కింది బిడ్డా, లెవ్వు, జడ చూసుకో. తప్పైందని ఒక్కపారి గూడ అనలేదని ఇన్నేండ్లు మనసుల పెట్టుకున్న. ఆయన ఒక్కరోజు తప్పకుండ, పొద్దుగాల పొద్దుగాల, నా చెవుల్నే అంటుండె.

"సప్పుడు తియ్యాల్నా అక్కా, పెట్టాల్నా?" అన్నడు తమ్ముడు.

"ఆయన ఎట్ల పెట్టిండో గట్లనే పెట్టు."

తెల్లారి తండా ముసలవ్వ ఒక్కతే వచ్చింది, నెత్తి మీద మూట తోని. గుండీ ఒత్తిన. ఊఁ అన్నది. ఆమె రెండడుగులు ఎన్కకు జరిగి, తన కొంగు నడుముకు చెక్కుకున్నది. చెప్పకుంటనే. ఆమెను చూసి ఇంకో నలుగురు వచ్చిన్రు. ఇప్పుడు లైను మళ్ల నిండింది. మా ఆయన అమ్ముడు మాట ఎత్తుతలేడు. పోయిన ఆదివారం మాత్రం మోటరు ఎక్కుతుంటే గడప కాడనే నిలబడ్డడు, లోపటికి రాలే. కండ్లు తుడుసుకొని కారం ఘాటు అన్నడు. అప్పటికి కారం పట్టుడే షురూ గాలే.

పొద్దుమూకంగ నేనే మెయిన్ బంద్ చేస్త. ఎర్ర దీపం ఉంటది. చేతులు ఎన్కకు కట్టుకొని దాని ముంగట నిలబడ్త. మెకానిక్ చెప్పిన లెక్కకు అయిదు నిమిషాలు దాటొద్దు. నిన్న ఎంతకూ ఆరలే. రేకుల కింద చీకటి పడ్తుంది, డబ్బా మీద ఆ ఒక్క చుక్క అట్లనే చూస్తుంది. నాకు అప్పుడు యాదికొచ్చింది. తల మీది తువ్వాల ఎప్పుడో జారింది, మళ్ల పెరిగిన జడ ముంగట పడి బెల్టు మీదికి ఏలాడుతుంది. ఎన్కకు గుంజి, చుట్టి, ముడి ఏసుకున్న.

దీపం ఆరింది.